వీధి బాగుపడింది

జనవరి 12

అత్తా,

నమస్కారం. ఇది ఫోన్లో చెప్పాల్సిన కబురే. కానీ ఫోన్లో నేను ‘వీధి’ అంటే నీకు ‘విధి’ అని వినబడుతుంది. ఆ తర్వాత ఇద్దరం అరుచుకుంటాం, పక్కింటివాళ్ళు తగాదా అనుకుంటారు. ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కూర్చుని ఊరందరికీ లైన్లు కలిపి, చెవులు అక్కడే అప్పగించి వచ్చావు. కాబట్టి ఉత్తరమే.

పెద్దవాళ్ళు హాయిగా తిరగడానికి వీలుగా నగరాన్ని మార్చాలని మా శాఖ ఒక పథకం పెట్టింది. ఒక్కో విడతలో ఒక్కో వీధి. మొదటిది మనది. నువ్వుండే వీధి, నేను పెరిగిన వీధి. పేరు నేనే రాశాను. అదే ఎందుకని మా పెద్దసారు అడిగితే, ముసలివాళ్ళు ఎక్కువ, ఎదురుగా ఆస్పత్రి ఉంది, బస్సు ఆగుతుంది అని చెప్పాను. అసలు సంగతి చెప్పలేదు. పోయినేడాది మురిక్కాలవ మీది పలక ఊగి నువ్వు పడ్డావు. మణికట్టు విరిగితే, కట్టు విప్పాక గాని నాకు కబురు పెట్టలేదు. అమ్మ పోయాక నన్ను తెచ్చుకుని పెంచినదానివి, నీకు ఆమాత్రం పనికిరానా అని ఆరోజు చెప్పలేనంత కోపం వచ్చింది. ఆ కోపమే ఈ పథకం అనుకో.

కాలిబాట ఎత్తుపల్లాలు లేకుండా వేయిస్తాను. బెంచీలకు చేతులు పెట్టిస్తాను, ఆనించుకుని లేవడానికి. రోడ్డు దాటేచోట పచ్చలైటు తీరిగ్గా వెలుగుతుంది. ఇంకేం కావాలో నీ పరివారాన్ని అడిగి రాయి. మర్చిపోకు, ఈ నెలాఖరుకి కాగితం పైకి వెళ్ళాలి.

నీ కోడలు అడిగానని చెప్పమంది.

నీ మేనల్లుడు


జనవరి 29

ఒరేయ్ నాన్నా,

నిండు నూరేళ్ళూ చల్లగా ఉండు. నీ ఉత్తరం నేను చదువుకున్నాక గుమ్మంలో కుర్చీ వేసుకుని అందరికీ వినిపించాను. “మా వాడు” అని మొదలుపెడితే నన్ను ఆపడం ఎవరి తరమూ కాలేదు.

పక్క వాటాలో దర్జీ గుర్తున్నాడుగా, నీ స్కూలు లాగులన్నీ కుట్టినాయన. ఇప్పటికీ కిటికీ దగ్గర మిషను వేసుకుని కుడుతూనే ఉన్నాడు. భార్య పోయాక మాట ఇంకా తగ్గింది. ఏం కావాలని అడిగితే నాకేం వద్దన్నాడు. తర్వాత మేడమీది డ్రాయింగు టీచరమ్మతో మెల్లగా అన్నాడట. ఆవిడ సిగ్గుపడుతూ నా చెవిలో చెప్పింది. నాకు వినబడక గట్టిగా చెప్పమంటే, వీధి చివరిదాకా వినబడేట్టు చెప్పింది: మరుగుదొడ్డి. దారిలో అవసరమైతే ఎక్కడికెళ్ళాలో తెలియక ఆయన ఇల్లు కదలడమే మానేశాడు. కాబట్టి అది ముందు రాసుకో.

నాకు మాత్రం ఆ రోడ్డు దాటే సంగతి చూడు చాలు. ఆస్పత్రికని బయల్దేరితే సగంలో ఎర్రలైటు పడుతుంది. నడిరోడ్డు మీద దిష్టిబొమ్మల్లా నిలబడతాం, రెండు పక్కలా బళ్ళు మా బట్టలు రాసుకుంటూ పోతాయి.

ఇల్లుగలాయన కూడా సంతోషించాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి పైకప్పు కారుతోందా అని అడిగాడు.

నా కోడల్ని జాగ్రత్తగా చూసుకో. బెంచీల కంటే అది ముఖ్యం.

అత్త


జూన్ 20

నాన్నా,

పనివాళ్ళు వెళ్ళిపోయారు, దుమ్ము అణిగింది. ఇక చెప్తాను విను.

మరుగుదొడ్డి కూడా కట్టారు గనక నిన్న దర్జీ, నేను కలిసి ఆస్పత్రికి బయల్దేరాం. ఆయన కళ్ళు చూపించుకోవాలి, నేను చెవులు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి. పచ్చలైటు పడ్డాక నడిచాం. నడుస్తూనే ఉన్నాం. అవతలి గట్టు ఎక్కి వెనక్కి చూస్తే ఇంకా పచ్చగానే ఉంది. బళ్ళన్నీ బుద్ధిగా ఆగి ఉన్నాయి. దర్జీ నా వంక చూసి, “ఇంకోసారి దాటదామా” అన్నాడు. ఇవతలికి వచ్చి మళ్ళీ అటు వెళ్ళాం. పనేం లేదు, ఊరికే. ఆ మనిషి నవ్వగా చూసి ఎన్నాళ్ళయిందో.

సాయంత్రాలు బెంచీ మీద చేరుతున్నాం. ఎవరి చెయ్యీ అడక్కుండా లేస్తున్నాను. ఇది నీకు చిన్న విషయంగా కనబడొచ్చు. చెయ్యి అందించమని అడిగీ అడిగీ మనిషి ఎంత చిన్నదైపోతుందో నా వయసొస్తే గాని తెలీదు.

ఒకటే లోటు. టీచరమ్మ వెళ్ళిపోతోంది. ఇల్లుగలాయన ఆ వాటా చుట్టాలకి కావాలన్నాడు. వేరే ఊళ్ళో చెల్లెలింట్లో ఉంటానంది. చుట్టాలెవరూ ఇంకా రాలేదు గాని, రంగులు వేసేవాళ్ళు వచ్చారు.

మీ అమ్మ ఉంటే ఈ వీధి చూసి మురిసిపోయేది.

అత్త


జూలై 4

అత్తా,

నీ ఉత్తరం నీ కోడలికి చదివి వినిపించాను. రోడ్డు రెండోసారి దాటిన చోట కాగితం తన చేతికిచ్చేశాను, మిగతాది తనే చదువుకుంది. ఆఫీసులో కూడా ఆ ముక్క చదివాను. మా పెద్దసారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన్ని అలా చూడ్డం నా ఉద్యోగంలో ఇదే మొదలు.

వేరే నగరాల వాళ్ళు కూడా మన వీధి గురించి అడుగుతున్నారు. పోటీకి పంపుతున్నాం. నవంబరులో న్యాయనిర్ణేతలు వస్తారు.

టీచరమ్మగారు చెల్లెలి దగ్గరికి వెళ్ళడం మంచిదేలే. ఆ వయసులో ఒంటరిగా ఎన్నాళ్ళుంటారు.

నీ మేనల్లుడు


ఆగస్టు 16

నాన్నా,

టీచరమ్మ వాటాలోకి వచ్చింది చుట్టాలు కాదు, ఆఫీసు. మందుల షాపు పోయి సబ్బులూ సెంట్లూ అమ్మే షాపు వచ్చింది. తలనొప్పి బిళ్ళ కావాలంటే ఇప్పుడు పక్క వీధికి పోవాలి. బెంచీల మీద కుర్రాళ్ళు కాఫీ కప్పులు పట్టుకుని కూర్చుంటున్నారు. పాపం మర్యాదస్తులే, మమ్మల్ని చూస్తే లేస్తారు. కానీ రోజూ ఒకళ్ళని లేపి కూర్చోవాలంటే మనసొప్పదు. ఇంటికొచ్చేస్తున్నాం.

అసలు సంగతి ఇది. దర్జీని ఖాళీ చెయ్యమన్నారు. వీధి బాగుపడింది గనక అద్దె కూడా బాగుపడాలట. ఆయన ఎవరితోనూ అనలేదు. మిషను చప్పుడు ఆగిపోయిందని పక్కవాళ్ళంటే వెళ్ళి చూశాను. గుడ్డలు మడతపెట్టుకుంటూ కూర్చున్నాడు.

నువ్వు ఆఫీసులోనే ఉంటావు, ఇదంతా నీకు తెలిసే ఉంటుంది. పెద్దసారుతో ఒక్క మాట చెప్పగలవా? నిన్ను నోరు తెరిచి ఏదీ అడిగినదాన్ని కాదు. ఇది అడుగుతున్నాను.

అత్త


సెప్టెంబరు 2

అత్తా,

నీ ఉత్తరం చదివి ఇద్దరం నవ్వుకున్నాం. అప్పుడేమో వీధిలోకి రాలేకపోతున్నామని బెంగ, ఇప్పుడేమో అందరూ వస్తున్నారని బెంగ. సందడి మంచిదే అత్తా. పదిమంది కుర్రాళ్ళ మధ్య ఉంటే పెద్దవాళ్ళు హుషారుగా ఉంటారు. అలవాటు చేసుకో.

దర్జీగారి విషయం. అద్దెలు మా శాఖ కిందికి రావు. అది వేరే శాఖ, వాళ్ళకీ మాకూ పడదు. ఇప్పుడు నేను వెళ్ళి అడిగితే పోటీ ముందు నా పథకం మీద నేనే బురద చల్లుకున్నట్టు అవుతుంది. ఆయన పనిమంతుడు, ఎక్కడైనా చోటు దొరక్కపోదు.

నవంబరులో న్యాయనిర్ణేతలు వచ్చేరోజు నువ్వు మంచి బట్టలు కట్టుకుని బెంచీ మీద ఉండాలి. నీ గురించి ముందే చెప్పి ఉంచాను. అడిగినవాటికి నీకు తోచింది చెప్పు. నాకు రావాల్సిన పెద్ద ఉద్యోగం ఈ బహుమతి మీదే ఆధారపడి ఉంది.

నీ మేనల్లుడు


అక్టోబరు 10

నాన్నా,

అలాగే. ఆరోజు పొద్దున్నే బెంచీ దగ్గరికి వస్తాను.

ఇకమీదట ఉత్తరాలు ఇంటికి రాయకు, పోస్టాఫీసుకి రాయి. నేనే వెళ్ళి తెచ్చుకుంటాను. కొత్త పోస్టుమాన్ ఒకరివి ఒకరికి వేస్తున్నాడు. నాకూ కాస్త నడక.

ఒంట్లో బాగానే ఉంది.

అత్త


నవంబరు 28

అత్తా,

మొదటి బహుమతి మనదే! నా పెద్ద ఉద్యోగం కాగితం కూడా నిన్ననే వచ్చింది.

ఆరోజు నీ పక్కన రెండు నిమిషాలైనా కూర్చోలేకపోయాను. దూరం నుంచి చెయ్యి ఊపితే నువ్వూ ఊపావు. సాయంత్రం ఇంటికొస్తానన్నాను గాని, వాళ్ళు భోజనానికి లాక్కుపోయారు. గుమ్మంలో కూర్చుని ఎదురుచూసి, తిట్టుకుని పడుకుని ఉంటావు. ఆ తిట్లన్నీ నాకు రావలసినవే.

నిన్ను ప్రశ్నలడిగిన ఆవిడ చివరిదాకా నీ గురించే మాట్లాడింది. బెంచీ మీద నువ్వు నవ్వుతున్న ఫోటో పేపర్లో వేశారు. పంపుతున్నాను. అంత బాగా నవ్వడం ఎప్పుడు నేర్చుకున్నావు?

నీ మేనల్లుడు


జనవరి 9

అత్తా,

ఎక్కడున్నావు?

నిన్ను ఆశ్చర్యపరుద్దామని నిన్న చెప్పకుండా వచ్చాను. మన నీలం తలుపు అలాగే ఉంది. తోసుకుని లోపలికి వెళ్తే కాఫీ దుకాణం. నీ మంచం ఉండేచోట రెండు బల్లలు. ఒక బల్ల దగ్గర కూర్చున్నాను. ఎదురుగోడ మీద నువ్వున్నావు. ఆ పేపరు ఫోటోనే, తలుపంత పెద్దది చేసి అద్దం బిగించారు. కాఫీ తెచ్చిన అమ్మాయిని ఎవరీవిడ అని అడిగాను. “ఈ వీధి పెద్దావిడ ఎవరోనండీ, నవ్వు బాగుందని మా ఓనరు పెట్టించాడు” అంది. నువ్వు అన్నం కలిపి పెట్టిన గదిలో కాఫీకి డబ్బులిచ్చి బయటికొచ్చాను.

అక్టోబరు ఉత్తరం మళ్ళీ తీసి చూశాను. బెంచీ దగ్గరికి వస్తానని రాశావు. ఉంటానని రాయలేదు. నాకది పట్టలేదు.

ఎందుకు దాచావు? నీ అద్దె నేను కట్టలేనా? నన్నింత పరాయివాణ్ణి చేస్తావా? పోస్టాఫీసువాళ్ళు చిరునామా చెప్పమన్నా చెప్పలేదు. ఇది అందగానే రాయి. మా ఇంటికి వచ్చెయ్.

మేనల్లుడు


జనవరి 22

నాన్నా,

ఊరి చివర, బస్సులు వెనక్కి తిరిగే చోటు దాటాక ఉన్నాను. నాలుగో అంతస్తు. లిఫ్టుకి గొయ్యి ఉంది, లిఫ్టు లేదు. దర్జీ రెండో అంతస్తులో ఉన్నాడు. మన వీధివాళ్ళు ఇంకా కొందరు ఇక్కడే చేరారు. చిరునామా వెనక రాశాను.

ఎందుకు దాచానంటావా. అడిగాను కదా, వేరే శాఖ అన్నావు. నువ్వు చెప్పింది అబద్ధం కాదు, అయినా రెండోసారి అడగబుద్ధి కాలేదు. దర్జీ కోసం అడిగితే నవ్వుకున్నామని రాశావు. నా కోసం అడిగితే ఏడుస్తావని తెలుసు. ఆ రెండూ నాకక్కర్లేదు. అద్దె నువ్వు కట్టేవాడివే, కాదనను. నాకు కడతావు. ఆయనకో? టీచరమ్మకో?

న్యాయనిర్ణేతలు వచ్చినరోజు రెండు బస్సులు మారి వచ్చాను. ఇక్కడ ఎన్నాళ్ళ నుంచి ఉంటున్నారని ఆవిడ అడిగింది. నలభై ఏళ్ళు ఉన్నానన్నాను. తప్పేం కాదుగా. ఇంకా ఏదో అడుగుతోంది, ఇంతలో నువ్వు చెయ్యి ఊపావు. మాసిన లాగుతో బడినుంచి పరిగెత్తుకొచ్చేవాడి మొహమే కనబడింది. నవ్వొచ్చింది. ఆ ఫోటో అతను దాన్ని పట్టుకున్నాడు.

మీ ఇంటికి రాను. కోపం కాదు. కోపం కూడా ఉందిలే. కానీ మాట వినబడని మనిషి కొత్తవాళ్ళ మధ్య గోడలా మిగిలిపోతుంది. ఇక్కడివాళ్ళకి నా మొహం చూసి మాట్లాడడం అలవాటు.

అత్త


మార్చి 3

అత్తా,

నిన్ను చూసి వచ్చాక నిద్ర పట్టడం లేదు. ఆ మెట్లు! మలుపు దగ్గర పట్టపగలే చీకటి, పట్టుకోవడానికి కడ్డీ లేదు, అడుగులు విరిగి ఉన్నాయి. ఆ మెట్ల మీద నువ్వు నీళ్ళ సీసా పట్టుకుని నాకు ఎదురొచ్చావు.

రెండో విడతలో మీ కాలనీ పేరు పెట్టేశాను. లిఫ్టు, కడ్డీలు, దీపాలు, రోడ్డు, బస్సు. మా వాళ్ళు ఈ వారమే కొలతలకి వస్తారు. ఈసారి నీకు ఏ లోటూ రానివ్వను.

నీ మేనల్లుడు


మార్చి 11

నాన్నా,

మా కాలనీ పేరు తీసెయ్.

మీ వాళ్ళు టేపులు పట్టుకుని వచ్చి వెళ్ళారు. మర్నాడే ఇల్లుగలావిడ వచ్చింది. మేం దిగిన రోజు తర్వాత మా గడప తొక్కని మనిషి. గోడలు తడిమి చూసింది, కిటికీలోంచి రోడ్డు చూసింది, ఎంతమంది ఉంటున్నారని అడిగింది. ఆ చూపు నాకు తెలుసు. నిరుడు పైకప్పు కారుతోందా అని అడిగిన మనిషిది కూడా అదే చూపు.

ఇక్కడ లిఫ్టు లేదు, దీపం లేదు, బస్సు దాని ఇష్టమొచ్చినప్పుడు వస్తుంది. ఇవేవీ లేవు గనకే మాకు చోటుంది. ఇది కూడా బాగుచేశావంటే, ఇక్కణ్ణించి ఎటు పోవాలో చెప్పు. ఊరే అయిపోయింది.

నా కోసమే చేస్తున్నావని తెలుసు. అప్పుడూ నా కోసమే చేశావు. బాగుచెయ్యకురా అని నిన్ను బతిమాలుకోవాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు. బతిమాలుతున్నాను.

అత్త


మార్చి 20

అత్తా,

ఈ ఉత్తరం రాయడానికి చాలా కాగితాలు చించాను.

అరవై దాటినవాళ్ళని పదేళ్ళపాటు ఖాళీ చేయించకూడదు, అద్దె పెంచకూడదు అని పథకంలో రాద్దామన్నాను. ఇళ్ళు వాళ్ళవి, మధ్యలో మనమెవరం అన్నాడు పెద్దసారు. ఇంకా పట్టుబడితే నా కుర్చీలో వేరేవాళ్ళు కూర్చుంటారని కూడా అన్నాడు. నేను ఊరుకున్నాను. అదీ నువ్వు తెలుసుకోవాలి.

నువ్వడిగినట్టే మీ పేరు కొట్టేశాను. ఆ గడి ఖాళీగా వదలడానికి లేదు, ఇంకో పేరు రాయాలి. పాత స్టేషను వెనక వీధి రాశాను.

కానీ అత్తా, ఆ మెట్ల మీద రేపు ఎవరైనా పడితే?

మేనల్లుడు


జూలై 30

నాన్నా,

దర్జీ పోయాడు.

కుట్టిన బట్టల మూట చంకలో పెట్టుకుని దిగుతున్నాడు. మబ్బు పట్టి ఉంది. మలుపులో అడుగు అందలేదు. కింద వాటావాళ్ళు పరిగెత్తుకొచ్చి ఎత్తారు. తుంటి విరిగింది. ఆపరేషను అయితే చేశారు గాని, మంచం మీద ఉండగానే ఊపిరితిత్తులకు నెమ్ము చేసింది. నేను రోజూ వెళ్ళి కూర్చున్నాను. ఒకసారి దగ్గరికి రమ్మని సైగ చేస్తే ఏదో చెప్పుకుంటాడనుకున్నాను. మిషను మీద సగం కుట్టిన చొక్కా ఉంది, కాలరు వెయ్యలేదు, వాళ్ళది వాళ్ళకి ఇచ్చెయ్యమన్నాడు. అంతే. ఇచ్చేశాను. వాళ్ళు తీసుకోవడానికి ఇబ్బంది పడ్డారు.

ఆయన్ని సాగనంపి వచ్చాక అందరం మెట్ల దగ్గర కూర్చున్నాం. ఒక్క దీపం పెట్టించే దిక్కు లేదు, మన మొహం చూసేవాడే లేడు అని తలా ఒక మాట అన్నారు. నేను వాళ్ళ పెదాలు చూస్తూ కూర్చున్నాను. దీపం వస్తానంటే వద్దన్నది నేనేనని చెప్పలేదు. ఎవరైనా పడితే అని నువ్వు అడిగావు. ఎవరైనా అంటే నేనే అనుకున్నాను, నాకు ఫరవాలేదనుకున్నాను. ఆయన నాకు గుర్తే రాలేదు.

నిన్ను తప్పుపట్టడానికి రాయడం లేదు. అడిగింది నేను, చేసింది నువ్వు. అయినా నీ ఉత్తరం వస్తే కొన్నాళ్ళు విప్పలేనేమో. ఏమీ అనుకోకు.

ఆయన వాటా వారం కూడా ఖాళీగా లేదు. నిన్న ఒక ముసలి జంట దిగింది. పాత స్టేషను వెనక వీధి నుంచి వచ్చారు. అక్కడ ఇంకా ఒక్క రాయి కూడా వెయ్యలేదట. పేపర్లో పేరు పడగానే ఖాళీ చెయ్యమన్నారట. ఆయనకి మోకాళ్ళు మడత పడవు. నేను టార్చి పట్టుకుని ముందు నడిచాను. మలుపు దగ్గర ఆగి, గోడవారగా రండి, ఇక్కడ అడుగు విరిగింది అని చెప్పాను. ఆవిడ ఆయన రెక్క పట్టుకుని ఎక్కిస్తూ ఆయాసంతో నిలబడిపోయింది. “పెళ్ళయినప్పటి నుంచి అక్కడే ఉన్నామండీ. ఊళ్ళో ఇన్ని వీధులుండగా మా వీధి పేరే ఎవరు రాశారో, ఎందుకు రాశారో. మీకేమన్నా తెలుసా?” అంది.

తెలీదన్నాను.

అత్త